బ్లంట్ వేరు, రూడ్ వేరు: ఇంగ్లిష్ కటువు మాటల పుట్టుపూర్వోత్తరాలు

క్లుప్తంగా: మొహమాటం లేని మాటకీ మర్యాద లేని మాటకీ ఇంగ్లిష్‌లో బోలెడన్ని పదాలున్నాయి. వాటిలో కొన్ని వస్తువుల ఆకారం నుంచి వచ్చాయి, కొన్ని స్వేచ్ఛ నుంచి వచ్చాయి. చాలావాటి వెనక మాత్రం పల్లె మీద పట్నానికి, కూలి మీద దొరకి ఉన్న చిన్నచూపు ఉంది. తెలుగు వాడుకలో ఇవన్నీ ‘రూడ్’ అనే ఒక్క మాట కిందకి చేరిపోవడం వల్ల ఏది మెప్పో, ఏది మందలింపో, ఏది తిట్టో తెలియకుండా పోతోంది.

విశాఖలో రోజంతా ఇంగ్లిష్‌లో రాస్తూ, మాట్లాడుతూ చేసే ఉద్యోగాలకి కొదవలేదు. రుషికొండ ఐటీ కంపెనీలు, బీచ్ రోడ్డు హోటళ్లు, పోర్టు చుట్టూ ఉన్న షిప్పింగ్ ఆఫీసులు, అన్నిచోట్లా అదే పని. దాంతోపాటు ఒక రకం టెన్షన్ కూడా వచ్చిపడింది. ఏడాది చివర అప్రైజల్ ఫారంలో పై అధికారి ‘బ్లంట్’ అని రాస్తాడు. అది మెచ్చుకోలా, చీవాట్లా? ‘మీ మెయిల్స్ కర్ట్‌గా ఉంటున్నాయి’ అంటాడు. రాసినవాళ్లకేమో తమ మెయిల్‌లో ఒక్క చెడ్డమాట కూడా కనిపించదు. ‘ఫ్రాంక్‌గా మాట్లాడండి’ అని మీటింగ్ మొదలుపెట్టినవాళ్లే, మాట్లాడాక ‘రూడ్’ అని ముద్ర వేస్తారు. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం: కటువైన, మొరటైన. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో పోటీపరీక్షల కోసం బట్టీపట్టే పర్యాయపదాల జాబితాలదీ ఇదే తీరు. పర్యాయపదాలని చెప్పి ఒక గాటన కట్టేస్తే వీటి మధ్య ఉన్న తేడా ఎప్పటికీ అర్థం కాదు. ఆ తేడా వాటి పుట్టుకలో ఉంది.

మొండి కత్తి, మొండి మనిషి

బ్లంట్ అనగానే పదును పోయిన కత్తి గుర్తొస్తుంది. కాని 13వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో ఈ మాటని మొదట వాడింది మనుషులకే. బుర్ర చురుగ్గా లేనివాడు, మందమతి అని దాని అర్థం. కత్తికీ కొడవలికీ ఆ తర్వాత అంటుకుంది. ఉన్నదున్నట్టు మొహమ్మీదే చెప్పేవాడు అనే అర్థం 16వ శతాబ్దం చివర్లో వచ్చింది.

మందబుద్ధికీ ముక్కుసూటితనానికీ లంకె ఎక్కడ కుదిరింది? మాటను మెత్తగా మలిచి, ఎదుటివాళ్లకి తగలకుండా చెప్పాలంటే కాస్త ఒడుపు కావాలి. ఆ ఒడుపు లేనివాడు విషయాన్ని ఉన్న రూపంలోనే ముందు పడేస్తాడు. లోపమనే చూపుతోనే ఈ పేరు పెట్టారు. అయితే ఒడుపు లేనిచోట కపటం కూడా ఉండదనే నమ్మకం క్రమంగా దానికి తోడైంది. అందుకే బ్లంట్ ఈనాటికీ సగం మెప్పు, సగం నింద.

తెలుగులో మొండి అనే మాట ఇదే చోట బయల్దేరి వేరే దారి పట్టింది. మొండి కత్తి అంటే పదును లేని కత్తి. మొండి మనిషి మాత్రం ఎవరి మాటా వినని మనిషి. మొండివాడు రాజుకన్నా బలవంతుడనే సామెత ఆ పట్టుదల గురించి. కాబట్టి బ్లంట్‌కి ‘మొండి’ అని అర్థం రాసుకుంటే తప్పులో కాలేసినట్టే. ముక్కుసూటి, కుండబద్దలు కొట్టినట్టు, నిర్మొహమాటం అనేవే దానికి దగ్గరి మాటలు.

ఒక పదం ఎంత ఘాటుదో తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది. మనుషులు దాన్ని తమ గురించి తాము చెప్పుకుంటారా అని చూడాలి. ‘నేను ఫ్రాంక్‌గా మాట్లాడతాను’ అని గర్వంగా చెప్పుకుంటారు. ‘నేను కాస్త బ్లంట్’ అని కొంచెం ముందుజాగ్రత్తగా, కొంచెం గొప్పగా చెప్పుకుంటారు. ‘నేను కర్ట్’, ‘నేను రూడ్’ అని మామూలుగా ఎవరూ చెప్పుకోరు. అవి పక్కవాళ్లు వేసే ముద్రలు.

పొడవు, తీరు, గొంతు

కర్ట్ లాటిన్ కుర్టుస్ నుంచి వచ్చింది. కత్తిరించిన, పొట్టిచేసిన అని అర్థం. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు అందులో నింద లేదు, పొట్టిది అనే అర్థమే. మర్యాద తగ్గేంత పొట్టిగా అనే అర్థం 19వ శతాబ్దంలో చేరింది. తెలుగు ముక్తసరికీ ఇలాంటి చరిత్రే ఉంది. సంక్షిప్తం అనే అర్థమున్న అరబ్బీ మాట ఉర్దూ మీదుగా మనకు చేరింది. ‘ముక్తసరిగా జవాబిచ్చాడు’ అన్నప్పుడు ఇప్పుడు అందులో చిన్న నొచ్చుకోలు కూడా వినిపిస్తుంది. రెండు భాషల్లోనూ పొడవు తగ్గడమే ప్రేమ తగ్గడానికి గుర్తుగా మారింది.

అబ్రప్ట్ అంటే లాటిన్‌లో విరిగిపోయినది. మన ‘పుల్లవిరుపు మాట’ అచ్చంగా ఇదే. టెర్స్ మాత్రం కర్ట్‌లా వినిపించినా దాని జాతకం వేరు. తుడిచి మెరుగుపెట్టినది అనే లాటిన్ మాట దానికి మూలం. బట్టలుతికే డిటర్జెంట్‌కీ అదే ధాతువు. అనవసరమైనదంతా తుడిచేసిన వాక్యం టెర్స్, ఉండాల్సింది కూడా కోసేసిన వాక్యం కర్ట్. అందుకే ఒకరి రచనాశైలిని టెర్స్ అంటే పొగడ్త కావచ్చు. కర్ట్ అంటే ఎప్పుడూ ఫిర్యాదే.

క్లుప్తతని పూర్తిగా గౌరవంగా చూసే పదం లకోనిక్. ప్రాచీన గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లకోనియా. మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ ‘మీ దేశంలోకి అడుగుపెట్టానంటే మిమ్మల్ని నాశనం చేస్తాను’ అని బెదిరిస్తే, స్పార్టావాళ్లు ‘పెడితే’ అనే ఒక్క మాట తిప్పి పంపారని ప్రాచీన రచయితలు రాశారు. అదే జవాబు ఒక గుమాస్తా తన అధికారికి ఇస్తే లకోనిక్ అనరు, కర్ట్ అంటారు. పదం ఎంపికలో మాట్లాడినవాడి హోదా ఎంత పనిచేస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది.

బ్రస్క్ అనేది రుచికి సంబంధించిన మాట. ఇటాలియన్‌లో బ్రుస్కో అంటే పులుపు, వగరు, గరుకు. ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌కి వచ్చేసరికి పుల్ల విరిచినట్టు తొందరగా, గరుగ్గా పని ముగించే తీరుకి పేరైంది. గ్రఫ్ డచ్చి వర్తకుల సంచిలోంచి వచ్చింది. ముతకగా, దళసరిగా ఉన్న సరుకుని వాళ్లు గ్రోఫ్ అనేవారు. ఇంగ్లిష్‌లో అది బొంగురుగా, విసుగ్గా పలికే గొంతుకి అతుక్కుంది. 17వ శతాబ్దం నుంచి భీమిలిలో స్థావరం పెట్టుకుని, 1824 నాటి ఒప్పందంతో దాన్ని ఇంగ్లిష్‌వాళ్లకి వదిలేసిన డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. ఇంగ్లిష్‌కి సముద్రం, సరుకు, ఓడల మాటలు చాలా అందించింది ఆ జాతే.

ఓడల మాటల్లో విశాఖవాళ్లకి ఎదురుగా కనిపించేది బ్లఫ్. ముక్కు కోసుగా కాకుండా వెడల్పుగా, నిటారుగా ఉన్న ఓడని నావికులు బ్లఫ్ అనేవారు. అక్కణ్ణుంచి అది సముద్రం మీదికి నిట్టనిలువుగా నిలబడ్డ కొండకి పేరైంది. హార్బర్ ముఖద్వారం పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ అలాంటిదే. తర్వాత మనుషుల వంతు వచ్చింది. మాట గట్టిగా, మోటుగా ఉన్నా మనసు మంచిదైన మనిషిని బ్లఫ్ అన్నారు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి ఈ విశేషణం తగిలించి పిలిచేవారు. పేకాటలో బ్లఫ్ దీనితో సంబంధం లేని వేరే మాట. ఒకటి ఏదీ దాచుకోని మనిషి గురించి, ఇంకొకటి అంతా దాచిపెట్టే ఎత్తు గురించి.

ఈ తేడాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆఫీసు ఫిర్యాదులు వాటంతటవే విడిపోతాయి. బ్లంట్ అనేది చెప్పిన విషయం మీద వ్యాఖ్య. కర్ట్ పొడవు మీద, బ్రస్క్ తీరు మీద, గ్రఫ్ గొంతు మీద. రూడ్ ఒక్కటే మనిషి మీద తీర్పు. మెయిల్ కర్ట్‌గా ఉందంటే ఇంకో రెండు మాటలు కలిపితే సరిపోతుంది. బ్లంట్‌గా ఉందంటే పొడవు పెంచినా లాభం లేదు. రూడ్ అంటే క్షమాపణ అడగాల్సిన వ్యవహారం. ఒక్కో ఫిర్యాదుకి ఒక్కో మందు ఉన్నప్పుడు ఒకే పేరుతో రాసేయడం అప్రైజల్ రాసేవాళ్ల అన్యాయం.

ఫ్రాంక్‌కీ ఫిరంగికీ చుట్టరికం

మెప్పు వైపున్న పదాలు రెండే గట్టివి. ఫ్రాంకులు ఒక జర్మానిక్ తెగ. ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని గెలుచుకుని దానికి తమ పేరే ఇచ్చారు. వాళ్ల ఏలుబడిలో పూర్తి స్వేచ్ఛ ఉన్నది ఏలేవాళ్లకే కాబట్టి, ఫ్రాంక్ అంటే స్వతంత్రుడు అనే అర్థం స్థిరపడింది. మనసులో మాట బయటపెట్టడం అనే అర్థం 16వ శతాబ్దంలో వచ్చింది. ఎవరికీ భయపడక్కర్లేనివాడే కదా దాచుకోకుండా మాట్లాడగలిగేది. బ్రిటన్‌లో పార్లమెంటు సభ్యుల ఉత్తరాలు రుసుము లేకుండా వెళ్లే హక్కుని కూడా ఫ్రాంకింగ్ అనేవారు. 1840 నాటి తపాలా సంస్కరణతో ఆ ఉచితం పోయింది. పేరు మాత్రం డబ్బు కట్టి వేయించుకునే ముద్రకి మిగిలింది.

అదే తెగ పేరు అరబ్బీ, పారశీకాల మీదుగా ప్రయాణించి యూరప్‌వాళ్లందరికీ ఫరంగీ అయింది. తెలుగులో పరంగి అంటే ఆ దేశస్థుడు, ఫిరంగి అంటే వాళ్లు తెచ్చిన తుపాకి గొట్టం. ‘ఫ్రాంక్‌గా చెప్తున్నా’ అనే మాట, కోటబురుజు మీది ఫిరంగి ఒకే ఇంటి బిడ్డలు.

క్యాండిడ్‌కి మూలం లాటిన్ కాండిడుస్, అంటే మెరిసే తెలుపు. రోమ్‌లో పదవులకి పోటీచేసేవాళ్లు తెల్లగా మెరిసే వస్త్రాలు కట్టుకుని తిరిగేవారు కాబట్టి ఎన్నికల క్యాండిడేట్ కూడా ఇందులోంచే వచ్చాడు. తెలుపు నుంచి మచ్చలేనితనం, దాన్నుంచి దాపరికం లేనితనం పుట్టాయి. ఆర్కే బీచ్‌లోనూ భీమిలి రోడ్డులోనూ పెళ్లి జంటలకి తీసే క్యాండిడ్ ఫొటోల్లో ఉన్నది ఈ చివరి అర్థమే: ముందుగా సిద్ధపడని, ఉన్నదున్నట్టున్న మొహం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సిన్సియర్ అనే మాట ‘మైనం లేకుండా’ అనే లాటిన్ పదబంధం నుంచి వచ్చిందని, శిల్పాల పగుళ్లకి మైనం పూసి అమ్మే మోసగాళ్ల వల్ల పుట్టిందని వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. భాషాశాస్త్రజ్ఞులు దాన్ని ఒప్పుకోరు. లాటిన్‌లో సిన్సేరుస్ అంటే కల్తీలేనిది, శుభ్రమైనది, అంతే. కథ ఎంత ముచ్చటగా ఉంటే అంత అనుమానించడం పదాల చరిత్రలో మంచి అలవాటు.

పల్లె మీద పడ్డ నింద

రూడ్ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మారిపోతుంది. లాటిన్‌లో రుదిస్ అంటే చెక్కని రాయి, పని పట్టని కలప, చదువుకోని మనిషి. ఆ మొరటుతనంలోంచి బయటపడ్డవాడు ఎరుడైట్, అంటే పండితుడు. తొలి పాఠాలకి వాడే రుడిమెంట్స్ కూడా అదే కుదురు. అంటే రూడ్ మొదట్లో ప్రవర్తన గురించిన మాట కాదు. చదువు అందని స్థితికి పేరు. చదువు అందకపోవడాన్ని మర్యాద లేకపోవడంగా లెక్కగట్టింది చదువుకున్నవాళ్లు.

మిగతా పదాలు ఈ పనిని ఇంకా బాహాటంగా చేశాయి. తెలుగునాట పసిపిల్లలకి కూడా తెలిసిన విలన్ లాటిన్ విల్లానుస్ నుంచి వచ్చాడు. పల్లెలో దొరగారి పొలం మీద పనిచేసే మనిషి అని అర్థం. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచ్ మాట్లాడే దొరలు, ఇంగ్లిష్ మాట్లాడే రైతులు అనే చీలిక వచ్చింది. విలన్ ఆ దొరల మాట. పాలేరు మొరటువాడయ్యాడు, మొరటువాడు నీచుడయ్యాడు, నీచుడు కథలో దుర్మార్గుడయ్యాడు. చర్ల్ అంటే నార్మన్లు రాకముందున్న ఆంగ్లో శాక్సన్ చట్టంలో మామూలు స్వతంత్ర పౌరుడు. ఇప్పుడు దాన్నుంచి వచ్చిన చర్లిష్ అంటే కుసంస్కారం. బూర్ అంటే డచ్చిలో రైతు. దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లైన బోయర్లదీ అదే పేరు. నైబర్ అనే మాటలో రెండో సగం కూడా దానికి చుట్టమే. పొలం గట్టు అవతలున్నప్పుడు ఇరుగుపొరుగు, పట్నంవాడి కంటికి మోటుమనిషి. వల్గర్ అంటే జనసామాన్యానికి చెందినది. అదే బూతు అయింది.

అటు మర్యాద మాటలు ఎక్కడివో చూడాలి. కర్టియస్ రాజుగారి కోర్టుది. అర్బేన్, సివిల్ నగరంవి, నగరపౌరులవి. పొలైట్ నునుపు పెట్టినది.

ఇదంతా ఇంగ్లిష్‌వాళ్ల దురహంకారమని తేల్చేసి ఊరుకోవడానికి వీల్లేదు. నగరం నుంచి నాగరికం, సభ నుంచి సభ్యత, గ్రామం నుంచి గ్రామ్యం మన దగ్గరా పుట్టాయి. జనం మాట్లాడే తెలుగుని పుస్తకాల్లోకి తేవాలని గిడుగు రామమూర్తి పోరాడినప్పుడు అవతలి పక్షం ఆ తెలుగు మీద వేసిన ముద్ర గ్రామ్యమనే. ఆయన ఈ ఉత్తరాంధ్ర మనిషి. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

ఆ ముద్ర ఇంకా చెరగలేదు. ‘ఏటి బావూ, ఎక్కడికెల్తన్నావు’ అనే పలకరింపులో ఉన్నది ఆప్యాయత. బావు గౌరవంతో కూడిన పిలుపు. గుంటడు అంటే కుర్రాడు, అంతకుమించి ఏమీ లేదు. వేరే జిల్లాల నుంచి వచ్చినవాళ్లు కొందరు దీన్ని దురుసుతనంగా వింటారు. సినిమాలు చాలాకాలం ఈ యాసని హాస్యపాత్రలకీ పనివాళ్ల పాత్రలకీ అంటగట్టడం దానికి ఆజ్యం పోసింది. మాటలో మోటుతనం ఉందా, వినే చెవిలో ఉందా అనే ప్రశ్న విలన్ అనే పదానికి ఎంత వర్తిస్తుందో ఈ యాసకీ అంతే వర్తిస్తుంది.

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బిల్లింగ్స్‌గేట్ అనే చేపల మార్కెట్ ఉండేది. 17వ శతాబ్దం నుంచి ఇంగ్లిష్‌లో బిల్లింగ్స్‌గేట్ అంటేనే బూతుపురాణం అనే అర్థం ఉంది. ఫిష్‌వైఫ్, అంటే చేపలమ్మే ఆడమనిషి, నోరు పారేసుకునే స్త్రీకి పర్యాయపదమైంది. చేపల మార్కెట్లో మాట ఎందుకు పొట్టిగా, గట్టిగా ఉంటుందో విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్తే అర్థమవుతుంది. పడవ దిగిన కోనాం, చందువా, రొయ్యలు బుట్టల్లో ఉండగానే వేలం మొదలవుతుంది. పక్కన మర బోట్ల హోరు, ఐసు దంచే చప్పుడు. సరుకు గంటల్లో అమ్ముడవకపోతే ధర పడిపోతుంది. అక్కడ ‘దయచేసి మీరేమీ అనుకోకపోతే’ అని మొదలుపెట్టే తీరిక ఎవరికీ లేదు. అక్కడ క్లుప్తత పని నేర్పిన అవసరం. దాన్ని దూరం నుంచి విని బూతు అని నిఘంటువుకి ఎక్కించినవాళ్లు చేపలు కొని తిన్నవాళ్లే.

దొరల మీదికి తిరిగిన మాట

నింద పైకి ఎగబాకిన సందర్భాలు తక్కువ. ఉన్నవాటిలో సర్లీ మంచిది. ఇది మొదట సర్‌లీ, అంటే ‘సార్‌’లాగా ప్రవర్తించేది. దొరలా పెత్తనం చేసేవాడు అనే అర్థం పోయి, కస్సుబుస్సులాడే చిరాకు మనిషి మిగిలాడు. ఎదుటివాళ్లని చులకనగా చూసే అహంకారానికి పేరైన హాటీకి మూలం ‘ఎత్తు’ అనే ఫ్రెంచ్ మాట. ఇంపర్టినెంట్ అంటే అసలుకి సంబంధం లేనిది. తనది కాని విషయంలో తలదూర్చడం నుంచి పొగరుగా మారింది. కుర్రాళ్లు రోజూ అనే యాటిట్యూడ్ చిత్రకళ నుంచి వచ్చింది. శిల్పం, బొమ్మ నిలబడే భంగిమకి అది పేరు. ‘యాటిట్యూడ్ చూపిస్తున్నాడు’ అనే ఎదిరింపు అర్థం 20వ శతాబ్దపు అమెరికన్ వాడుక.

‘నువ్వు’ పోగొట్టుకున్న భాష

ఇక అసలు చిక్కు. తెలుగువాళ్ల ఇంగ్లిష్ కొన్నిసార్లు కర్ట్‌గా ఎందుకు వినిపిస్తుంది?

ఒకప్పుడు ఇంగ్లిష్‌లోనూ నువ్వు, మీరు ఉండేవి. దౌ అంటే నువ్వు, యూ బహువచనం, గౌరవవచనం. 1603లో ఇంగ్లిష్ నావికుడు సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని ద్రోహీ అని తిడుతూ, కావాలనే ‘నువ్వు’ అంటున్నానని తెలిసేలా దౌ అని ఏకవచనంతో సంబోధించాడు. కొన్ని దశాబ్దాల తర్వాత క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు దేవుడి ముందు అందరూ సమానమంటూ న్యాయమూర్తుల్ని సైతం దౌ అనే పిలిచారు. వాళ్లు దానికి పెట్టుకున్న పేరు ‘సాదా మాట’. వినేవాళ్లకది తలబిరుసు. దెబ్బలు తిన్నారు, జైళ్లకి వెళ్లారు. ఆ శతాబ్దం గడిచేసరికి మామూలు వాడుకలో దౌ దాదాపు మాయమై, అందరికీ యూ ఒక్కటే మిగిలింది.

సర్వనామంలో ఉన్న మర్యాద పోయాక ఇంగ్లిష్ దాన్ని వాక్యం చుట్టూ చుట్టుకుంది. కుడ్ యూ, వుడ్ యూ మైండ్, ఐ వాజ్ వండరింగ్ లాంటివన్నీ ఆ చుట్లే. తెలుగులో మర్యాద క్రియ చివరే ఉంటుంది. పంపు, పంపండి, పంపగలరు. ఒక్క ‘ండి’ చాలు. కాబట్టి ‘నాలుగింటికల్లా ఫైలు పంపండి’ అని మనసులో ఎంతో మర్యాదగా అనుకున్న ఉద్యోగి, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి ‘సెండ్ ది ఫైల్ బై ఫోర్’ అని టైపు చేస్తే, ఆ ‘ండి’ దారిలోనే రాలిపోతుంది. అవతల లండన్‌లో ఉన్న క్లయింటుకి చేరింది ‘పంపు’. ఆ లోటు తెలిసినవాళ్లు ముందు కైండ్లీ చేరుస్తారు. మన ఆఫీసుల్లో అది నిఖార్సయిన గౌరవం. బ్రిటిష్ చెవికి మాత్రం ఒక్కోసారి ఓపిక నశించిన అధికారి గొంతులా తగులుతుంది.

ఇదే చిక్కు తిరుగు ప్రయాణంలోనూ ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్కణ్ణుంచి ‘నాలుగింటికల్లా ఫైలు పంపడం మీకు వీలవుతుందేమో’ అనే అర్థంతో ఇంగ్లిష్ మెయిల్ వస్తుంది. రాసినవాళ్ల లెక్కలో అది ఆజ్ఞే, మర్యాద తొడుగు వేసుకున్న ఆజ్ఞ. ఇక్కడ చదివినవాళ్లకి అది ప్రశ్నగా కనిపిస్తుంది. వీలైతే సరే, లేకపోతే రేపు చూద్దామనుకుంటారు. సాయంత్రం నాలుగు దాటాక వచ్చే రెండో మెయిల్‌లో కుడ్, వుడ్ ఉండవు. దాన్ని చూసి మనవాళ్లు ‘ఎంత రూడ్’ అంటారు. అది రూడ్ కాదు. తొడుగు తీసేసిన మొదటి మెయిలే అది, అంటే బ్లంట్.